చార్జి తీసుకునేది ఎవరు?
(కళా మ్యూజియాల్లో ఉద్యోగ నియామకాలపై ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



మ్యూజియం అనగానే మనకు వస్తువులు గుర్తుకొస్తాయి. సాలార్‌జంగ్ మ్యూజియం పేరెత్తితే బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కా, గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం కళ్లముందు నిలుస్తాయి. వాటి గురించి రాసినవాళ్లు, మాట్లాడినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వస్తువుల దగ్గర ఉద్యోగం చేసే మనుషుల గురించి, వాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే పద్ధతి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. నేను చెప్పదలిచింది ఒక్కటే. మ్యూజియంలో ఒకరు రిటైరయ్యే ముందే వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లను తీసుకోవాలి. పాతవాళ్లూ కొత్తవాళ్లూ కనీసం ఒక ఏడాది ఒకే బల్ల దగ్గర కూర్చొని పనిచేయాలి. ఇది జరగని చోట బీరువాలకు తాళాలు భద్రంగానే ఉంటాయి, లోపలున్న వస్తువు ఏమిటో మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంది.

మన దగ్గరి పాత సంగతి ఒకటి ముందు చెబుతాను. అజంతా గుహలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి. 1914లో హైదరాబాద్ రాజ్యం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యాజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. అప్పటికే అజంతా గోడల మీది చిత్రాలు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతున్నాయి. ఇటలీ నుంచి లోరెంజో చెకోని అనే నిపుణుణ్ని, ఆయనకు సహాయకుడిగా ఓర్సినిని పిలిపించారు. 1920-22 మధ్య రెండు చలికాలాలు వాళ్లక్కడ పనిచేశారు. ఊడిపోతున్న పెళ్లలను తిరిగి గోడకు అతికించి నిలబెట్టారు. ఆ మేలు మరచిపోకూడదు. దాంతోపాటే చిత్రాల మీద లక్క వార్నిషు పూత వేశారు. అప్పట్లో అది అందరూ ఒప్పుకున్న పద్ధతే. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పసుపు తిరిగింది, ముదిరింది, కింది రంగులను కప్పేసింది. స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర పురావస్తు శాఖ రసాయన విభాగం వాళ్లు దాన్ని తొలగించడానికి ఎంత శ్రమ పడ్డారో ఆ విభాగంలో పనిచేసినవాళ్లను అడిగితే చెబుతారు.

చెకోనిని తప్పుపట్టను. ఆయన తనకు తెలిసిన విద్యను నిజాయితీగా ఉపయోగించి, పని ముగిశాక తన ఊరు వెళ్లిపోయారు. ఆ తర్వాత గుహల దగ్గర మిగిలిన మనిషి ఎవరు? క్యూరేటర్ సయ్యద్ అహ్మద్. బ్రిటిష్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ బృందం అంతకుముందు అజంతా చిత్రాలకు నకళ్లు తీసినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లి పనిచేసిన చిత్రకారుల్లో ఆయన ఒకరు. తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ గోడలను చూస్తూ, చిత్రాలకు నకళ్లు గీస్తూ బతికారు. అజంతాలో ఏ మూల ఏ రంగు ఎలా ఉండేదో తెలిసిన కన్ను అది. ఆ కంటికి తోడుగా అక్కడ ఒక ప్రయోగశాల లేదు. రెండు చలికాలాల నిపుణుడికి డబ్బు దొరికింది. ఏడాది పొడుగునా అక్కడే ఉండి, మూడో ఏడు పూత రంగు మారిందా అని చూసి, ఎందుకు మారిందో పరీక్షించే మనిషికి మాత్రం జీతం కేటాయించలేదు. వందేళ్ల తర్వాత మన మ్యూజియాల ఖర్చు తీరు చూసినా ఇదే కనిపిస్తుంది. ప్రాజెక్టుకు కోట్లు వస్తాయి, పోస్టుకు ఒప్పుదల రాదు.

అదే కాలంలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం ఇంకో దారి పట్టింది. అక్కడి కంచు విగ్రహాలకు పచ్చటి పొడి రాలే తెగులు పట్టింది. 1930లో అక్కడ రసాయన పరిరక్షణ ప్రయోగశాల పెట్టి, ఎస్. పరమశివన్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ని ఉద్యోగంలోకి తీసుకున్నారు. మనదేశపు మ్యూజియాల్లో అలాంటి ప్రయోగశాల అదే మొదటిది. ఆయన విగ్రహాల తెగులును కుదర్చడంతో ఆగలేదు. తంజావూరు పెద్ద గుడిలోని చోళుల నాటి చిత్రాలను ఏ పద్ధతిలో వేశారో, ఏ రంగులు వాడారో పరిశోధించి రాశారు. బడ్జెట్ పుస్తకంలో ఒక వరుస, ఒక మనిషి జీతం. దాని ఫలితాన్ని ఇప్పటికీ అనుభవిస్తున్నాం.

మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ అదే మ్యూజియంలో ఉంది. అమరావతి శిల్పాలు. పురావస్తు విభాగానికి క్యూరేటర్‌గా కలంబూర్ శివరామమూర్తిని తీసుకున్నారు. సంస్కృతం చదివిన యువకుడు. చేత్తో బొమ్మ గీయగలిగినవాడు. తన పుస్తకాలకు రేఖాచిత్రాలు తానే గీసుకునేవారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం వల్ల ఏం జరిగిందో చూడండి. రాతిలో చెక్కిన కథ ఏమిటో గ్రంథాల్లో వెతికి పట్టగలిగారు. తలపాగా చుట్టు, కమ్మల తీరు, కుండ మూతి, రథం చక్రం, ఒక్కొక్కటీ గీసి పక్కపక్కన పెట్టి చూపగలిగారు. 1942లో అచ్చయిన ఆయన అమరావతి శిల్పాల గ్రంథం నాటికి ఆయన వయసు ముప్పై మూడు. కృష్ణా తీరపు రాళ్ల గురించి ఏ భాషలో ఎవరు రాసినా ఆ పుస్తకం దగ్గరికి వెళ్లక తప్పదు. తర్వాత ఆయన ఢిల్లీ జాతీయ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యారు.

ఆయనను ఎంపిక చేసినవాళ్లు ఒక మనిషిలోని రెండు విద్యలను గుర్తించారు. నేటి నోటిఫికేషన్లలో ఆ రెండో విద్యకు చోటు లేదు. ఫలానా పీజీ, ఫలానా డిప్లొమా, ఇన్నేళ్ల అనుభవం, ఇంత వయసు లోపు అని ఉంటుంది. బొమ్మ గీయగలవా, పాత లిపి చదవగలవా, విరిగిన పాత్రను చేతిలోకి తీసుకుని ఎక్కడ అతికారో చెప్పగలవా అని ఎవరూ అడగరు. డిగ్రీ ఉండాల్సిందే, దానికి నేను వ్యతిరేకిని కాను. బరోడా విశ్వవిద్యాలయం 1952లోనే మ్యూజియాలజీ శాఖను ప్రారంభించింది. 1989లో జాతీయ మ్యూజియం సంస్థకు డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చి కళాచరిత్ర, పరిరక్షణ, మ్యూజియాలజీ మూడింటిలో పీజీ చదువు దొరికింది. అక్కడ చదివొచ్చిన పిల్లలు చాలా చురుకైనవాళ్లు, వాళ్లతో పనిచేశాను. చదువు ముగించి ఐదారేళ్లు ఏ నోటిఫికేషనూ రాక, బ్యాంకు పరీక్షలు రాసి వెళ్లిపోయినవాళ్లూ నాకు తెలుసు.

ఇక ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ సార్ గురించి. మేమంతా సార్ అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. ఆయన క్యూరేటర్ కారు. యాక్సెషన్ రిజిస్టరు చూసే ఉద్యోగి. మ్యూజియంలోకి ఏ వస్తువు వచ్చినా ముందు ఆ రిజిస్టరులోకి ఎక్కాలి. నంబరు, వచ్చిన తేదీ, ఎలా వచ్చింది, ఎవరిచ్చారు, కొలతలు, వర్ణన, స్థితి, విలువ, ఎక్కడ పెట్టారు, చివర రిమార్కుల గడి. నేను కొత్తగా చేరినప్పుడు మొదటి నెలంతా ఆయన నాకు ఆ చివరి గడే చదివించారు. "వర్ణన ఎవరైనా రాస్తారమ్మా, వస్తువు చరిత్ర రిమార్కుల్లో ఉంటుంది" అనేవారు. వస్తువు మీద నంబరు వేయడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కంటికి కనపడని చోట, పాత్ర అయితే అడుగున, ముందు సన్నగా లక్కర్ పూత, అది ఆరాక నల్ల సిరాతో అంకెలు, దాని మీద మళ్లీ పూత. కావాలంటే రేపు వస్తువుకు దెబ్బ తగలకుండా తుడిచేయగలిగేలా. పింగాణీ కప్పును చెవి పట్టుకుని ఎత్తనిచ్చేవారు కారు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పక్కన. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వస్తువు మారకూడదు. ఒకరు బల్ల మీద, మెత్త మీద పెట్టాలి, చేతులు తీసేయాలి, అప్పుడు రెండోవారు ఎత్తాలి.

ఆయన రిటైరైన రోజున చార్జి తీసుకోవడానికి మనిషి లేడు. పోస్టు ఖాళీ అయ్యాక ప్రతిపాదన పెడతామన్నారు. పక్క విభాగంలో లెక్కలు చూసే ఉద్యోగికి అదనపు బాధ్యతలు ఇచ్చారు. ఆ ఉద్యోగి మంచివాడే. కానీ వేల వస్తువులకు సంతకం పెట్టమంటే, ఒక్కొక్కటీ రిజిస్టరుతో సరిచూడకుండా ఎలా పెడతానని భయపడ్డాడు. ఆ భయంలో న్యాయం ఉంది. ఏ ఒక్కటి తక్కువైనా పింఛను ఆగిపోయేది అతనిదే. అందుకని గదికి తాళం వేసి, సీలు వేసి, చాలాకాలం తెరవలేదు. తెరవని గదిలో పురుగు పట్టిందా, చెమ్మ చేరిందా అన్నది ఎవరు చూస్తారు?

మరికొన్నాళ్లకు ఒక ప్రదర్శన కోసం ఆ గదిలోంచి కొన్ని పాత్రలు బయటికి తీశారు. వాటిలో ఒక పింగాణీ గిన్నె ఉంది. ఎప్పుడో, ఆ వస్తువు మ్యూజియానికి రాకముందే, దాని అంచు విరిగితే లక్కతో అతికి పైన రంగు వేశారు. అతుకు బయటికి కనపడదు. సార్‌కు తెలుసు. పాత రిజిస్టరు రిమార్కుల్లో ఎవరో ఉర్దూలో ఒక్క మాట రాసి పెట్టారు. సార్‌కు ఉర్దూ వచ్చు. అదనపు బాధ్యతలు చూసే ఉద్యోగికి రాదు, ప్రదర్శన ఏర్పాటు చేసిన కాంట్రాక్టు కంపెనీకి ఆ రిజిస్టరు ఉందన్న సంగతే తెలియదు. గిన్నె మీద వేడెక్కే దీపం పెట్టారు. కొన్ని రోజులకు అతుకు మెత్తబడి అంచు ముక్క జారి కింద పడింది. ముక్క దొరికింది, గిన్నెను బాగు చేయించారు. అయినా దాని గురించి విని సార్ ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. "నన్ను ఒక్క ఫోను చేసి అడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నారు. అడగాలని తెలిసిన మనిషి అప్పుడు ఆ గదిలో లేడు.

ఇలాంటి ఖాళీలు ఎలా పుడతాయో చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరో ఒకరి దుర్మార్గం వల్ల జరిగేది కాదు. ఒక పోస్టు నింపాలంటే ముందు దాని నియామక నిబంధనలు కాలానికి తగ్గట్టు ఉండాలి. పాతవైతే సవరించాలి. సవరణ ఫైలు మూడు శాఖలు తిరుగుతుంది. ఆర్థిక శాఖ అనుమతి కావాలి, రిజర్వేషన్ రోస్టర్‌లో ఆ పోస్టు ఏ వర్గానికో తేలాలి. కేంద్ర మ్యూజియాల్లో పెద్ద పోస్టులైతే యూపీఎస్సీకి వెళ్లాలి. ప్రకటన, పరిశీలన, ఇంటర్వ్యూ, మధ్యలో ఎవరో కోర్టుకు వెళ్తే స్టే. ఈలోగా ఇంకో నిబంధన వచ్చి అడ్డుపడుతుంది. కొన్నేళ్లపాటు ఖాళీగా ఉన్న పోస్టును రద్దయినట్టుగా లెక్కిస్తారు. నింపడం ఆలస్యం చేసేది కార్యాలయం, పోగొట్టుకునేది మ్యూజియం. కాగ్ 2013లో స్మారక చిహ్నాలు, పురావస్తువుల పరిరక్షణ మీద ఇచ్చిన నివేదికలో సిబ్బంది కొరతను స్పష్టంగా ఎత్తి చూపింది. కనిపించకుండా పోయిన 92 కట్టడాల సంగతి పత్రికల్లో పెద్ద వార్తయింది. కొరత సంగతి లోపలి పేజీల్లో ఉండిపోయింది. ఆ రెంటికీ సంబంధం ఉందని నా నమ్మకం. కాపలా మనిషి లేని చోట కట్టడం మాయమైందని తెలియడానికే ఏళ్లు పడుతుంది.

కింది ఉద్యోగాల సంగతి ఇంకా దారుణం. గ్యాలరీ అటెండెంట్లు, శుభ్రం చేసేవాళ్లు చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మీద వస్తున్నారు. టెండరు మారితే ఏజెన్సీ మారుతుంది, ఏజెన్సీ మారితే మనుషులు మారతారు, లేదా పాతవాళ్లే పాత జీతం మీద కొత్తగా చేరినట్టు చేరతారు. షోకేసు గాజు ఏ పక్క వదులైందో, ఏ గోడకు వానాకాలంలో చెమ్మ వస్తుందో, పిల్లలు ఏ విగ్రహం ముక్కును తాకాలని చూస్తారో తెలిసేది అటెండెంటుకే. ఆ తెలివికి నెలకింత అని ఇచ్చే పద్ధతి మన దగ్గర లేదు. సాలార్‌జంగ్ లాంటి పెద్ద మ్యూజియాలను సీఐఎస్‌ఎఫ్ కాపాడుతోంది. భద్రత విషయంలో వాళ్లకు వంక పెట్టలేం. అయితే జవాను బదిలీ అవుతాడు, వస్తువును గమనించే పని అతనికి అప్పగించలేదు.

సాలార్‌జంగ్ మాట వచ్చింది కాబట్టి అక్కడి మంచి చెప్పకుండా ఉండలేను. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో మరణించారు. ఆయన సేకరణను ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో అమర్చే పనికి జేమ్స్ కజిన్స్‌ను పిలిచారు. మదనపల్లె కాలేజీతో ముడిపడిన ఐరిష్ కవి ఆయన. 1951 డిసెంబరులో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాధాన్య సంస్థగా ప్రకటించింది. గవర్నరు అధ్యక్షులుగా బోర్డు ఏర్పడింది. ఆ బోర్డులో ఉస్మానియా వైస్ చాన్సలరుకు, నగర మేయరుకు చోటుంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. ఈ తేదీలు గైడు పుస్తకాల్లో ఉంటాయి. అక్కడి చేతిరాత పుస్తకాల పని చాలామందికి తెలియదు. నసీరుద్దీన్ హాష్మీ ఉర్దూ చేతిరాత పుస్తకాల వివరణాత్మక జాబితాను 1957లో అచ్చు వేయించారు. ముహమ్మద్ అష్రఫ్ పారశీక చేతిరాతల జాబితాను 1965 నుంచి సంపుటం తర్వాత సంపుటంగా తెచ్చారు. ఒక్కొక్క పుస్తకాన్ని తెరిచి, మొదటి వాక్యం, చివరి వాక్యం, రాసినవాడి పేరు, తేదీ, కాగితం తీరు చూసి రాసే పని అది. ఏజెన్సీ మనిషితో కాదు, ప్రాజెక్టు గడువులో తేలదు. ఉద్యోగ భద్రత ఉన్న పండితుడు తీరిగ్గా కూర్చుంటేనే అవుతుంది. ఇవాళ హైదరాబాద్‌లో పారశీకం చేతిరాత చదవగలిగే పాతికేళ్ల పిల్లలు ఎంతమంది ఉన్నారో ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల అధ్యాపకులను అడగండి. ఆ పిల్లల కోసం పోస్టు లేకపోతే ఆ చదువు చదివేవాళ్లూ ఉండరు.

బయటి దేశాల్లో అంతా బాగుందని అనుకోవద్దు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు వంద పైచిలుకు ఉన్నాయి. 2023 ఆగస్టులో ఆ మ్యూజియం తన సేకరణలోంచి వస్తువులు పోయాయని, కొన్ని దెబ్బతిన్నాయని ప్రకటించింది. లెక్క రెండువేల దాకా వెళ్లింది. డైరెక్టరు రాజీనామా చేశారు. పోయినవాటిలో ఎక్కువ భాగం చిన్న రత్నాలు, నగల ముక్కలు, జాబితాలోకి పూర్తిగా ఎక్కనివి. ఎనభై లక్షల వస్తువులున్న చోట జాబితా రాసే చేతులు చాలకపోతే అదే జరుగుతుంది. ఆ తర్వాత ఐదేళ్లలో మొత్తం రికార్డును డిజిటల్ చేస్తామని వాళ్లు ప్రకటించారు. ఆ పనికి మనుషులు కావాలని ఇప్పుడు ఎవరికీ వివరించాల్సిన అవసరం లేదు.

అమెరికాలో మెలన్ ఫౌండేషన్ 2015లో కళా మ్యూజియాల సిబ్బంది మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. క్యూరేటర్లు, పరిరక్షకులు, విద్యా విభాగం, నాయకత్వం, ఈ పనుల్లో 84 శాతం శ్వేతజాతీయులు, 4 శాతం నల్లజాతీయులు. కాపలా, శుభ్రత వంటి పనుల్లోకి వెళ్తే లెక్క మారిపోతుంది. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు దీనికి ఒక పెద్ద కారణం. రెండేళ్లు ఉచితంగా పనిచేయగల ఇంటి పిల్లలే క్యూరేటర్లవుతారు. 2019లో అక్కడి కళా మ్యూజియాల డైరెక్టర్ల సంఘం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని తీర్మానించింది. 2022లో ఫిలడెల్ఫియా కళా మ్యూజియం ఉద్యోగులు 19 రోజులు సమ్మె చేసి మొదటి ఒప్పందం సాధించుకున్నారు. అదే ఏడాది బాల్టిమోర్ మ్యూజియం తన కాపలా సిబ్బందిలో 17 మంది చేత ఒక ప్రదర్శనను రూపొందింపజేసింది. ఏ బొమ్మ పెట్టాలి, ఎందుకు పెట్టాలి, పక్కన ఏం రాయాలి, అన్నీ వాళ్లే నిర్ణయించారు. రోజుకు ఎనిమిది గంటలు ఒక బొమ్మ ఎదుట నిలబడినవాళ్లకు ఆ బొమ్మ గురించి చెప్పడానికి ఉంటుందని ఒక పెద్ద మ్యూజియం గుర్తించడం నాకు చాలా సంతోషం కలిగించింది. మన గ్యాలరీల్లో ముప్పై ఏళ్లు నిలబడ్డ అటెండెంట్లు ఈ సభలోనే వెనక వరసల్లో కూర్చున్నారు. వాళ్లను ఎవరైనా అలా అడిగారా?

మన దగ్గర రిజర్వేషన్ రోస్టర్ వల్ల ఒక మేలు జరిగింది. పోస్టు వస్తే అది ఎవరో కొద్దిమంది ఇళ్లకే పోకుండా కట్టుదిట్టం ఉంది. ఆ మేలు దక్కాలంటే పోస్టు రావాలి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పెరిగేకొద్దీ రోస్టర్ చేయి చాపినా అందుకునేది ఏమీ ఉండదు. మ్యూజియం ఉద్యోగాల ఖాళీల గురించి సామాజిక న్యాయం కోరేవాళ్లు ఇంకా గట్టిగా మాట్లాడాలని నా విన్నపం.

నేను అడిగే ఏడాది ఉమ్మడి కాలానికి నిబంధనలు ఒప్పుకోవని అధికారులు అంటారు. ఒక పోస్టులో ఇద్దరికి జీతం ఎలా ఇస్తామంటారు. రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకూ సూపర్‌న్యూమరరీ పోస్టు, అంటే మంజూరైన సంఖ్యకు మించి అదనంగా సృష్టించే పోస్టు, అనే మాట బాగా తెలుసు. కోర్టు తీర్పు వచ్చినప్పుడు, ఉద్యోగులను సర్దుబాటు చేయాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వాలు అలాంటి పోస్టులు సృష్టిస్తూనే ఉన్నాయి. మ్యూజియంలో రిజిస్టరు, పరిరక్షణ, చేతిరాతలు, నాణేలు, ఈ విభాగాల్లో ఒకరు రిటైరయ్యే ముందు ఏడాదికి అలాంటి పోస్టు ఒకటి ఇస్తే చాలు. రిటైర్మెంటు తేదీ ఎవరికీ ఆకస్మికంగా రాదు. ఉద్యోగంలో చేరిన రోజే అది సర్వీసు రిజిస్టరులో ఖాయమవుతుంది. ఆ ఏడాది చివర చార్జి జాబితా మీద సంతకాలు ఇద్దరూ కలిసి, ప్రతి వస్తువును చూసి చేయాలి. సరిచూడలేదన్న కారణంతో గదికి సీలు పడే పరిస్థితి అప్పుడు రాదు. ఆర్థిక శాఖకు ఇది పెద్ద ఖర్చు కాదు. ఒక ప్రదర్శన ప్రారంభోత్సవానికి వేసే పందిరి ఖర్చుతో పోల్చి చూడమని నేను ఫైళ్లు చూసేవాళ్లను అడుగుతాను.

ప్రభుత్వం కదిలేదాకా ఊరుకోవడం సార్ పేరున జరిగే ఈ సభకు తగదు. ఈ స్మారక నిధి కమిటీ ముందు నేనొక ప్రతిపాదన పెట్టాను. ఏటా ఈ ఉపన్యాసానికి, భోజనాలకు అయ్యే ఖర్చు తగ్గించి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఉద్యోగి పక్కన ఏడాది కూర్చునే ఇద్దరు పిల్లలకు నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలని. మ్యూజియం అనుమతి ఇస్తే మ్యూజియంలోనే, లేకపోతే రిటైరైనవాళ్ల ఇంటి దగ్గరే. కమిటీ ఒప్పుకుంది. దరఖాస్తు ఫారంలో డిగ్రీల గడి కింద ఇంకో రెండు గడులు పెట్టించాను. ఏయే లిపులు చదవగలరు, చేత్తో ఏ పని చేయగలరు. బొమ్మ గీయడం, చెక్క పని, కుట్టుపని, పుస్తకాలు కట్టడం, ఏదైనా రాయవచ్చు. వయసు పరిమితి పెట్టలేదు. ఫారాలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. మీకు తెలిసిన పిల్లల కోసం తీసుకెళ్లండి. రిటైరైన అటెండెంట్లు, రిజిస్టరు ఉద్యోగులు నేర్పడానికి ముందుకొస్తే అదే బల్ల దగ్గర పేరు, ఫోను నంబరు ఇచ్చి వెళ్లమని మనవి.